ఖాళీ శ్మశానానికి కాపలా

పోయినవాళ్లకి పేచీలుండవని ఎవరైనా అంటే, వాళ్లు ఆ జిల్లా శ్మశానాల సంగతి ఎరగరన్నమాట.

మొదట్లో అక్కడ శ్మశానాలే లేవు. ఎవరి మనిషిని వాళ్లు తమ పొలంలోనే పూడ్చుకునేవారు. అదే కొంప ముంచింది. గట్టు తగాదా వచ్చినప్పుడల్లా ప్రతివాడూ గట్టుకి అవతల వేలు పెట్టి చూపించి, "మా తాత ఇక్కడే ఉన్నాడు, కావాలంటే తవ్వి చూస్కోండి" అనేవాడు. కొందరి తాతలైతే పోయాక కూడా ఊరుకోక, ఏటా కాస్త కాస్త పక్కవాడి చేలోకి జరుగుతూ వచ్చారు. బతికున్నన్నాళ్లూ మంచం దిగని మనుషులు పోయాక పొలాలు దాటారంటే, చూడండి మరి. ఈ నడిచే తాతలతో వేగలేక చివరికి కోర్టు వారు ఊళ్లన్నిటికీ కలిపి ఒక చోటు ఉండాలని, ఇకమీదట అందరూ బుద్ధిగా అక్కడే పడుకోవాలని తీర్పు చెప్పారు. పబ్లిక్ శ్మశానం అనేది ఆ జిల్లాలో అలా పుట్టింది.

స్థలం ఒక భూస్వామి దానం చేశాడు. ఆయన దానగుణాన్ని తక్కువ చేయకూడదు గానీ, ఆ నేలలో కలుపు మొక్క కూడా మొహమాటపడుతూ మొలిచేది. అందుకు ప్రతిగా గేటు పక్కన ఆయన పేరుతో ఒక రాయి, ఆ రాయికి ఒక కంచె. జనం అక్కడా ఊరుకున్నారా? మెరకంతా ఉన్నవాళ్లకి, నీళ్లు నిలిచే పల్లమంతా లేనివాళ్లకి అని ఎవరూ చెప్పకుండానే పంచుకున్నారు. ఒక వానాకాలం మెరక కాస్తా విరిగిపడి, ఉన్నవాళ్లంతా మూకుమ్మడిగా జారి లేనివాళ్ల మధ్యకి వచ్చిపడ్డారు. వాళ్లని మళ్లీ వేరుచేయడానికి ఒక కమిటీ వేశారు. ఏ ఎముక గొప్పింటిదో తేలక ఆ కమిటీ ఇప్పటికీ అలాగే ఉంది.

కాలం గడిచి ఆ శ్మశానం నిండిపోయింది. గోతులు తవ్వే మనిషిని అందరూ గునపం మామ అనేవారు. ఆయన ఎక్కడ పోటు వేసినా ఎవరో ఒకరు తగిలేవారు. "ఏమనుకోకు పెద్దాయనా, కాస్త జరుగు" అని ఆయన గోతిలోకి వంగి బతిమాలుకునేవాడు. ఇక లాభం లేదని జిల్లా బోర్డు వారు లారీల రోడ్డు పక్కన కొత్త శ్మశానం కట్టించారు. చుట్టూ గోడ, ముందు ఇనుప గేటు, గేటు మీద ఆర్చి, లోపల కుళాయి, కూర్చుని ఏడవడానికి సిమెంటు బల్లలు. గేటు పక్కనే కాపలా మనిషికి ఒక గది. ఆ గదిలోకి వచ్చింది తాళాలక్క.

అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, జీతాలు పంచే గుమస్తాకి తెలుసేమో. నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ, ఆమె నడుస్తుంటే గలగలమని చప్పుడు ముందు వచ్చి మనిషి తరవాత వచ్చేది కాబట్టి ఊరంతా తాళాలక్క అనేసింది. అంతకుముందు ఆమె బోర్డు ఆఫీసులో నేల తుడిచేది. మొగుడు లారీ క్లీనరు. ఒకనాడు లారీ ఎక్కి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. పోయాడో, పారిపోయాడో ఎవరికీ తెలియదు, ఆమె పనిగట్టుకుని వెతకనూ లేదు. తల్లిని వెంటబెట్టుకుని తమ్ముడింటి పెరట్లో రేకుల పంచలో తలదాచుకుంది. తమ్ముడు మంచివాడే. మంచివాడంటే పెళ్లాం ముందు నోరు విప్పనివాడు. మరదలు మాత్రం అసాధ్యురాలు. ముసలావిడ టీలో ఎన్ని పాలు పోసుకుందో కప్పు రంగు చూసి చెప్పేసేది. పంచలో సగం మేకలవి, సగం వీళ్లది. రాత్రి మేక దగ్గితే ముసలావిడ లేచి చూడాలి, ముసలావిడ దగ్గితే మేకల నిద్ర పాడవుతోందని మరదలు విసుక్కునేది.

శ్మశానానికి కాపలా ఉద్యోగం అనగానే మిగతావాళ్లంతా వెనక్కి తగ్గారు. తాళాలక్క ఎగిరి గంతేసింది. ఎందుకంటే ఉద్యోగంతో పాటు గది. ఒక కిటికీ, ఒక బల్బు, గిన్నెలు పెట్టుకునే అరుగు, రెండు మంచాలు పట్టేంత చోటు. మొదటిరోజు ముసలావిడ ఏమీ సర్దలేదు. తలుపు దగ్గర నిలబడి గొళ్లెం పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం.

"ఏం చేస్తున్నావే అమ్మా? విరిగిపోతుంది."

"గొళ్లెం లోపలివైపు ఉందే అమ్మాయ్! మనం కావాలంటే తీస్తాం, వద్దంటే తియ్యం" అంది ముసలావిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా తలుపు వదల్లేదు.

అన్నీ బాగానే ఉన్నాయి, ప్రారంభోత్సవం ఒక్కటి జరక్కుండా ఉంటే. బోర్డు అధ్యక్షుణ్ణి జనం చాటుగా మైకు గారు అంటారు. ఆయన చేతికి మైకు ఇవ్వడం ఎవరి తరమైనా అవుతుంది, తిరిగి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు రిబ్బను కత్తిరించి, ఎండలో జనం మాడిపోతుంటే ఆయన అందుకున్నాడు. శ్మశానాల చరిత్ర చెప్పాడు, గోడ పొడవు చెప్పాడు, కుళాయిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో చెప్పాడు. చివరికి ఒళ్లు మరిచిపోయి రెచ్చిపోయాడు.

"ఈ నేలలో మొట్టమొదట విశ్రమించే ఆ ధన్యజీవి ఎవరో గానీ, మహాజనులారా, ఆ మనిషే ఈ శ్మశానానికి శాశ్వత కావలిదారు! ఎండనక వాననక, తరతరాలు ఈ గేటు దగ్గరే నిలబడి, వచ్చే ప్రతి ఒక్కరికీ తలుపు తీస్తూ ఉంటారు! నేను మాటిస్తున్నాను, ఆ గౌరవం మా ఇంటికే దక్కాలని నా కోరిక!"

చప్పట్ల కోసం ఆగాడు. ఒక్క చప్పట పడితే ఒట్టు. ముందు వరసలో కూర్చున్న ముసలాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మెల్లగా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

టీ తాగేలోపే కథ ఊరంతా పాకింది. "మొదట వెళ్లినవాడు నిలబడే ఉండాలటే!" "సెలవు కూడా ఉండదట!" "ఒకసారి గేటు దగ్గర నిలబెట్టారంటే ఇంకొకరు వచ్చి మార్చేదాకా కాదట, ఎప్పటికీనట!" వారం తిరిగేసరికి అది మైకు గారి మాట కాకుండా పోయింది, పూర్వంనుంచీ పెద్దలు చెప్పిన మాట అయిపోయింది. మా అమ్మమ్మ చెప్పేదని ఒకరు, మా తాత కళ్లారా చూశాడని ఇంకొకరు. జిల్లా శ్మశానాల మీద పుస్తకం రాస్తానని ఊళ్లు తిరుగుతున్న లెక్చరరు గారు దీన్ని విని, కళ్లజోడు సర్దుకుని, అతి ప్రాచీన విశ్వాసం అని రాసుకుపోయాడు. అప్పటికి దానికి ఇరవై రోజులు కూడా నిండలేదు.

ఇంకేముంది, కొత్త శ్మశానం వైపు కన్నెత్తి చూసేవాడు లేడు. పాత శ్మశానంలోనే ఇరికించుకున్నారు. గునపం మామ మనుషుల్ని పక్కకి తిప్పి, ఒకరి మీద ఒకరిని, ఒకరి కాళ్ల దగ్గర ఇంకొకరి తల పెట్టి సర్దుతుంటే, అది శ్మశానంలా కాదు, రద్దీ రోజున బస్సులా తయారైంది.

ఇక్కడ తాళాలక్క రోజూ పొద్దున్నే గేటు తాళం తీసేది. బాటలు ఊడ్చేది. సున్నం కలిపి, తాడు పట్టి, ఎక్కడ ఎవరిని పెట్టాలో గీతలు గీసేది. ఆ గీతలు వానకి పోతే మళ్లీ గీసేది. సాయంత్రం తాళం వేసేది. రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం అక్కా, ఎవరన్నా వచ్చారా?" అని అరిచేవాళ్లు.

"నీ బండి బ్రేకులు చూస్తే ముందు నువ్వే వచ్చేట్టున్నావు" అని ఈమె అరిచేది.

ఇలా ఏడాది నడిచింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బోర్డు గుమస్తా సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మొదట గేటు దాటింది నేనే అనుకుంటారేమోనని ఆయన భయం.

"వానలు పడేలోగా ఇది వాడుకలోకి రాకపోతే గోదాము వాళ్లకి ఇచ్చేస్తారటమ్మా. లారీల షెడ్డు వేసుకుంటారట. నీ పోస్టు తీసేస్తారు. గది కూడా ఖాళీ చెయ్యాలి."

"వాడుకలోకి రావడమంటే?"

"అంటే... ఎవరో ఒకరు రావాలి."

"నేనేం చెయ్యను? పట్టుకొచ్చి పడుకోబెట్టనా?"

"అది బోర్డు వారు చెప్పలేదు" అని గుమస్తా సైకిలు ఎక్కేశాడు.

తాళాలక్క వెళ్లి గది గడప మీద కూర్చుంది. గది పోతే మళ్లీ తమ్ముడి పంచ. మళ్లీ మరదలు, మళ్లీ ఆ టీ కప్పు. తను ఎలాగో పడుంటుంది. అమ్మకి మోకాళ్లు పట్టేశాయి, రాత్రుళ్లు ఆయాసం. ఈ వయసులో ఆవిణ్ణి తీసుకెళ్లి మేకల మధ్య పడేయడం ఆమె వల్ల కాదు.

దాంతో ఆమె ఒక తెలివితక్కువ పని మొదలుపెట్టింది. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేదంటే వాళ్లింటికి పరామర్శకి వెళ్లడం. మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. మంచిమాటలు చెప్పి, ఆ కావలి కథ ఒట్టి పుక్కిటి కథని నచ్చజెబితే, అవసరం వచ్చినప్పుడు ఒక్కరైనా వింటారని ఆశ. కానీ చూసేవాళ్లకి ఎలా కనపడుతుందో చెప్పండి! గలగలమని తాళాల చప్పుడు సందు మలుపు తిరిగిందంటే మంచాల మీద ఉన్నవాళ్లు లేచి కూర్చునేవాళ్లు. డాక్టరు మందులకి కదలని రోగాలు ఆ చప్పుడికి కదిలాయంటే నమ్మండి.

రిటైరైన పోస్టుమాన్ తాతకి దగ్గు ఎక్కువైందని విని ఒకరోజు పళ్లు పట్టుకుని వెళ్లింది. ఆయన పెళ్లాం గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఏంటే, మా ఆయన దగ్గితే నీ చెవులు నిక్కబొడుచుకుంటున్నాయట?"

"అయ్యో, అదేం మాట పెద్దమ్మా! చూసి పోదామని వచ్చాను."

"చూసి పోతావా, కొలిచి పోతావా? ఆయన ఇంకా పదేళ్లుంటాడు. నీ పళ్లు నువ్వే తిను, నీ గోతులు నువ్వే చూసుకో!"

లోపల్నుంచి పోస్టుమాన్ తాత, "పళ్లు ఉంచేసి మనిషిని పంపెయ్యవే" అన్నాడు. పళ్లు ఉంచేసుకున్నారు, మనిషిని పంపేశారు.

ఆ నెలలోనే మైకు గారి పిన్ని పోయింది. పండు ముసలిది, హాయిగా నిద్రలో పోయింది. తాళాలక్కకి ప్రాణం లేచొచ్చినంత పనైంది. పాపం ఒకరి చావుకి సంతోషించడం తప్పేనని నాలుక కరుచుకుంది గానీ, అంతమంది ముందు మాటిచ్చాడు కదా పెద్దమనిషి. పరుగున వెళ్లి బాటలు ఊడ్చింది, గేటుకి నూనె రాసింది, గడిచిన ఏడాదిలో ఎన్నడూ తెరవని రెండో రెక్క కూడా తెరిచింది. పొద్దెక్కేదాకా ఎదురుచూసింది. ఊరేగింపు లారీల రోడ్డు దాకా వచ్చి, చక్కగా ఎడమవైపు తిరిగి పాత శ్మశానానికి పోయింది. అక్కడ గునపం మామ ఆ పిన్నిని ఇద్దరు కరణాల మధ్య అడ్డంగా సర్దాడు.

మర్నాడు తాళాలక్క బోర్డు ఆఫీసుకి వెళ్లి అధ్యక్షుడి గది ముందు నిలబడింది. ఆయన టీ తాగుతున్నాడు.

"అయ్యా, మీ ఇంటినుంచే మొదలన్నారు కదండీ."

"అన్నానమ్మా, కాదనను. కానీ ప్రజల నమ్మకం అని ఒకటుంటుంది కదా. పెద్దలనాటి నమ్మకం. దాన్ని నేను ఎలా కాలదన్నను?"

"ఆ నమ్మకం పుట్టింది మీ నోట్లోంచే కదండీ! నేను గేటు దగ్గరే నిలబడి విన్నాను."

"నేనన్నది అలంకారంగా అన్నాను" అన్నాడు మైకు గారు నొచ్చుకుంటూ. "జనానికి సాహిత్యం తెలియకపోతే నేనేం చెయ్యను? అయినా మా పిన్నికి కాళ్లు వాపులమ్మా, నిలబడలేదు."

ఇంత పెద్దమనిషి, ఇంత ఆఫీసు, తన మాటకి తనే భయపడి చస్తున్నాడు. తాళాలక్క ఇంటికొచ్చి జరిగింది తల్లికి చెప్పి బోరుమంది. ముసలావిడ మంచం మీద ఒత్తిగిలి వింది. ఆయాసం వల్ల ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పేది గానీ, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

"దానికి ఏడుపెందుకే? నేనున్నానుగా."

"ఏమున్నావు?"

"నన్ను పెట్టేయ్. ఎలాగూ వానలు చూసేట్టు లేను. శాశ్వత కావలి అంటే ఏంటి, పర్మనెంటు ఉద్యోగమేగా? మన వంశంలో ఎవరికన్నా వచ్చిందా పర్మనెంటు ఉద్యోగం?"

"నోరు ముయ్యి అమ్మా! చంపేస్తాను."

"చంపు, పని త్వరగా అవుతుంది" అని ముసలావిడ నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక కూతురి చెయ్యి పట్టుకుంది. "నిజంగానే చెబుతున్నా. పాత శ్మశానంలో మీ నాన్న పక్కన పెడతారని నాకు దిగులుగా ఉంది. బతికినన్నాళ్లూ ఆ గురక భరించాను. ఇక చాలు. నన్నిక్కడే ఉంచు, ఈ కిటికీ కనపడేట్టు."

తాళాలక్క ఆ మాట ఎత్తనివ్వలేదు. మందులు మార్పించింది, గంజి కాచింది, రాత్రి పగలూ పక్కనే కూర్చుంది. ముసలావిడ ఒక ఉదయం టీ అడిగింది. ఈమె కాచి, పాలు ధారాళంగా పోసి, కప్పు తెచ్చేసరికి ఆవిడ కిటికీ వైపు తల తిప్పి ఉంది. పిలిచింది. మళ్లీ పిలిచింది. కప్పు అరుగు మీద పెట్టి తల్లి పాదాల దగ్గర కూలబడి ఏడ్చింది.

కబురు తెలిసి తమ్ముడూ మరదలూ వచ్చారు. మరదలు గేటు దగ్గరనుంచే రాగం అందుకుంది. అత్తగారిని ఈ కొత్త శ్మశానంలోనే పెట్టే ఆలోచన ఉందని తెలిసేసరికి రాగం ఆపి తిట్లలోకి దిగింది.

"గది కోసం కన్నతల్లిని గేటు దగ్గర నిలబెడతావా వదినా? మా అత్తయ్యని ఎండలో కావలి పెడతావా? నీకు మనసెలా వచ్చింది?"

"బతికుండగా మీ మేకలకి కావలి పెట్టినప్పుడు నీకెలా వచ్చిందో అలాగే" అంది తాళాలక్క. తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా. నాన్న పక్కన చోటుందా అక్కడ?"

"గునపం మామని అడిగానక్కా. నిలువుగా అయితే పడుతుందన్నాడు."

పైకి అలా గయ్యిమంది గానీ, లోపల తాళాలక్క గుండె పీచుపీచుమంటోంది. ఊరందరినీ వెర్రివాళ్లన్న మనిషే. ఆ కథ ఎవరి నోట్లోంచి ఊడిపడిందో చెవులారా విన్న మనిషే. అయినా తల్లి పాదాలు చూస్తుంటే, పగుళ్లిచ్చిన ఆ మడమలు, వంగని ఆ మోకాళ్లు, వీటితో అమ్మ ఆ కంకర మీద ఎప్పటికీ నిలబడాలా అన్న భయం పోయింది కాదు. గదినే చూసుకున్నానా, అమ్మ మాటే విన్నానా అన్నది ఆమెకే తేలలేదు. చివరికి అమ్మ అడిగింది అమ్మకి చేయాలనుకుంది. గునపం మామని పిలిపించి, గది కిటికీకి ఎదురుగా, గేటు పక్కన చోటు చూపించింది. ఆ రోజు ఊళ్లోవాళ్లు గేటు బయటే నిలబడ్డారు. లోపలికి వచ్చింది తమ్ముడు, గునపం మామ, తాళాలక్క.

మట్టి కప్పాక ఆమె గదిలోకి వెళ్లి, తను కూర్చుని వంట చేసుకునే చెక్క స్టూలు తెచ్చింది. గేటు పక్కన నీడలో వేసింది. నమ్మకమా అంటే కాదు. కానీ ఒకవేళ ఆ మైకు గారి వాగుడే నిజమైతే, అమ్మ కనీసం కూర్చుంటుంది కదా.

ఆ స్టూలు ఊరు చూసింది. చూడగానే అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. కావలి పోస్టు నిండింది! ఇక ఎవరికీ ఆ ప్రమాదం లేదు. అంతే, గట్టు తెగినట్టు వచ్చారు. ఏడాదిగా బిక్కుబిక్కుమంటూ చావడానికి కూడా జంకిన జనం ఇప్పుడు ధైర్యంగా పోవడం మొదలుపెట్టారు. పాత శ్మశానంలో ఇరుకైపోయిన తమవాళ్లని ఇటు మారుస్తామని అర్జీలు పెట్టారు. మైకు గారు తన పిన్నిని మార్పించి కుళాయి దగ్గర మంచి చోటు పట్టాడు. గోదాము వాళ్లు వేరే స్థలం చూసుకున్నారు. గుమస్తా వచ్చి, ఈసారి దర్జాగా లోపలికి నడిచి, పోస్టు ఖాయమైందని చెప్పాడు.

గది దక్కింది. తాళాలక్క ఊపిరి పీల్చుకుంది. కానీ పదిరోజులు పోయేసరికి ఆమెకి ఒక వింత చెవిన పడసాగింది. వచ్చేవాళ్లు ఖాళీ స్టూలు దగ్గర ఆగి మాట్లాడుతున్నారు. మొదట్లో "వెళ్లొస్తాం పెద్దమ్మా" అనేవాళ్లు, బాగానే ఉంది. తరవాత పనులు చెప్పడం మొదలైంది.

"పెద్దమ్మా, మా మామకి చీకటంటే భయం, కాస్త కనిపెట్టి ఉండు."

"మావాడి దగ్గరికి ఆ పక్కవాళ్లని రానివ్వకు, చెప్పానుగా."

"ఏం పెద్దమ్మా, నిన్న కుక్క దూరిందట, ఏం చేస్తున్నావు నువ్వు?"

బతికున్నప్పుడు ఆవిడ మొహం కూడా చూడని వాళ్లే! కిటికీ లోపల కూర్చుని ఇదంతా వింటుంటే తాళాలక్కకి ఒళ్లు మండిపోయేది. ఏ దెయ్యమో భూతమో వచ్చి అమ్మని నిలబెడుతుందని భయపడిందా, ఆ పని ఊరే చేసింది. ఒక్కరోజు కూడా నడుం వాల్చనివ్వకుండా చాకిరీ చేయిస్తున్నారు. అయినా పళ్లు బిగపట్టుకుని ఊరుకుంది. ఈ జనం వచ్చేది ఆ కావలిని నమ్ముకునే. అది లేదంటే మళ్లీ గేటు బోసిపోతుంది, మళ్లీ సైకిలు మీద గుమస్తా వస్తాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

వానలు వెలిశాక మైకు గారు ఒక ఇత్తడి పలక చేయించాడు. దాని మీద 'శాశ్వత కావలిదారు' అని పెద్ద అక్షరాలు, కింద అంతకంటే పెద్ద అక్షరాలతో ఆయన పేరు. గేటు స్తంభానికి మరలతో బిగించి, పరదా కట్టి, ఆవిష్కరణ పెట్టాడు. తెల్లవారేసరికి జనం, కుర్చీలు, టీ. లెక్చరరు గారు కూడా పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చాడు. మైకు గారు పరదా లాగి, ఈ మహాతల్లి ఎండనక వాననక మనకి సేవ చేస్తోందని, మనమంతా నిశ్చింతగా ఉన్నామని చెప్పాడు. కుటుంబం తరఫున రెండు మాటలు మాట్లాడమని పిలిచాడు. తాళాలక్క లేచేలోపే మరదలు కొత్త బట్టలు సర్దుకుంటూ మైకు దగ్గరికి నడిచింది. స్టూలు వైపు తిరిగి గొంతు గద్గదం చేసుకుంది.

"అత్తయ్యా, మీరు మా వంశానికే పేరు తెచ్చారు. మాదొక చిన్న మనవి. మా ఇల్లు ఇక్కడికి దగ్గరేగా. ఎలాగూ ఖాళీగానే ఉంటారు కాబట్టి మా పెరటివైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. దొంగల భయం ఎక్కువైంది."

జనం తలలూపారు. బాగా చెప్పిందన్నారు.

తాళాలక్క లేచింది. తాళాల గలగలకి మాటలు ఆగాయి. ఆమె మైకు జోలికి పోలేదు. గదిలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, స్తంభం దగ్గర నిలబడి, పలక మరలు ఒక్కొక్కటీ ఊడదీసింది. పలక తీసి మైకు గారి ఒళ్లో పెట్టింది. వెళ్లి గేటు పక్కన ఆ స్టూలు మీద కూర్చుంది.

"ఏమ్మా, మతి పోయిందా?" అన్నాడు మైకు గారు. "కావలి లేదంటే రేపట్నుంచి ఒక్కడు రాడు. నీ పోస్టు పోతుంది, నీ గది పోతుంది. ఆలోచించుకో."

"ఆలోచించాను. పోతే పోనీండి. ఇన్నాళ్లూ గది కోసం మీరందరూ అమ్మకి పనులు చెబుతుంటే విని ఊరుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఆవిడ పుట్టినప్పట్నుంచీ ఎవరికో ఒకరికి చాకిరీ చేస్తూనే ఉంది. కూర్చుని ఒక కప్పు టీ పూర్తిగా తాగి ఎరగదు." ఆమె జనం వైపు తిరిగింది. "మీ మామకి భయమేస్తే నాతో చెప్పండి. కుక్క దూరితే నాతో చెప్పండి. నేను బతికున్నాను, నాకు కాళ్లున్నాయి, జీతం తీసుకుంటున్నాను."

మరదలు కుర్చీలో కూర్చుని నేల చూసుకుంది. మైకు గారు మైకు పక్కన పెట్టేశాడు. అది చేతిలో లేకపోయేసరికి ఆయన గొంతు సన్నగా, మామూలు మనిషి గొంతులా వచ్చింది.

"మరి రేపు ఎవరన్నా వస్తే గేటు ఎవరు తీస్తారు?"

"నేనే తీస్తాను. ఏ వేళకి వచ్చినా తీస్తాను" అంది తాళాలక్క. "మా అమ్మని మాత్రం లేపకండి."